వంటింట్లో రెక్కల పురుగులు: ట్రాప్ కొనాలా, ఫ్రీజర్‌లో పెట్టాలా, స్ప్రే కొట్టాలా?

రాత్రి వంటింట్లో లైటు వేయగానే ఒక చిన్న రెక్కల పురుగు తూలుతున్నట్టు ఎగిరి గోడ మీద వాలుతుంది. చేత్తో కొడితే వేళ్లకు రాగి రంగు పొడి అంటుకుంటుంది. మర్నాడు ఇంకోటి. మా ఇంట్లో మూడు వారాలు ఇదే తంతు. రోజుకు రెండో మూడో చంపి, పని అయిపోయిందనుకుని పడుకునేదాన్ని. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ఎగిరే పురుగు మన సరుకుల్లో ఒక్క పలుకు కూడా తినదు. దానికి తినే పనే లేదు. బతికిన ఆ కొద్ది రోజుల్లో జతకట్టి, గుడ్లు పెట్టి, చచ్చిపోతుంది. తినేవన్నీ దాని పిల్లలు. డబ్బాల్లో, ప్యాకెట్లలో మన కంటపడకుండా పాకే తెల్ల పురుగులు.

అందుకే ఏ పద్ధతి గురించి విన్నా నేను ముందు ఒకటే చూస్తాను: ఇది ఎగిరేదాన్ని పడుతుందా, తినేదాన్ని చంపుతుందా? అమ్మకానికి వచ్చే ట్రాపులు (వాసనతో పురుగును రప్పించి జిగురుకు అంటించే అట్టలు), స్ప్రేలు చాలావరకు ఎగిరేదాని మీదే పనిచేస్తాయి. ఒక్కో ఆడపురుగు నాలుగు వందల దాకా గుడ్లు పెట్టగలదు కాబట్టి, కంటికి కనిపించినవాటిని చంపుకుంటూ పోతే ఈ లెక్క ఎప్పటికీ తేలదు.

ముందు ఏ పురుగో చూసుకోండి

ట్రాప్ కొనాలనుకుంటే ఈ పని తప్పదు, ఎందుకంటే ఒక పురుగు కోసం చేసిన ట్రాప్‌లో ఇంకో రకం చాలావరకు పడదు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇండియన్ మీల్ మాత్. వాలినప్పుడు సెంటీమీటరుకు కాస్త తక్కువ పొడవు ఉంటుంది. రెక్కలు రెండు రంగుల్లో ఉంటాయి: తల వైపు లేత బూడిద రంగు, వెనకవైపు రాగి కలిసిన గోధుమ రంగు. ఈ రెండు రంగులు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పేరులో ఇండియన్ ఉంది కదా అని దాన్ని మన దేశం ఖాతాలో వేయకండి. 1856లో ఏసా ఫిచ్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త దీన్ని మొక్కజొన్న పిండికి పట్టే పురుగుగా రాశాడు. అక్కడ అప్పట్లో మొక్కజొన్న పిండిని ‘ఇండియన్ మీల్’ అనేవారు. పురుగుకు ఆ పిండి పేరే మిగిలిపోయింది.

రెక్కలు రెండు రంగులు కాకుండా మొత్తం మసక బూడిద గోధుమ రంగులో ఉండి, బియ్యంలోనో రవ్వలోనో గింజలు జాలుతో (పురుగు వదిలే సన్నటి దారాల అల్లికతో) ఉండలు కడితే అది బియ్యపు రెక్కల పురుగు కావచ్చు. గింజ పైకి బాగానే ఉండి, దానికి గుండుసూది గుచ్చినట్టు గుండ్రటి రంధ్రం కనిపిస్తే గింజ లోపలే పెరిగే ఇంకో రకం. ఇండియన్ మీల్ మాత్ ట్రాప్ ఈ రెండిటికీ పనికిరాదు. పిండికి పట్టే మరికొన్ని దగ్గరి రకాలు మాత్రం అదే ట్రాప్‌లో పడతాయి. బట్టలు కొరికే పురుగు సంగతి పూర్తిగా వేరు, అది ఉన్ని, పట్టు లాంటివాటి జోలికి వెళ్తుంది తప్ప పిండి డబ్బాకు రాదు. ఇక నల్లగా, గట్టిగా, ముక్కుతో ఉండే ముక్క పురుగైతే ఈ ట్రాపుల గొడవే వద్దు. కింద చెప్పే ఫ్రీజర్, డబ్బాల సలహా మాత్రం దానికీ వర్తిస్తుంది.

ట్రాప్ కొనే ఉద్దేశం లేకపోతే ఈ గుర్తుపట్టే పనిలో ఎక్కువసేపు గడపకండి.

ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకడం

డబ్బు ఖర్చు లేనిది, ఎక్కువ ఫలితం ఇచ్చేది, ఎవరూ చేయడానికి ఇష్టపడనిది ఇదే. అరలు మొత్తం ఖాళీ చేసి, ప్రతి ప్యాకెట్‌నూ వెలుతురులో పట్టుకుని చూడాలి. పురుగు కోసం కాదు, జాలు కోసం. ఈ పురుగు తింటూ పట్టుదారం లాంటి సన్నటి దారం వదులుతూ పోతుంది. పిండి మూలల్లో ఉండ కట్టి ఉందా, గింజలు ఒకదానికొకటి అతుక్కున్నాయా, ప్యాకెట్ లోపలి వైపు సాలెగూడు లాంటి పల్చటి తెర ఉందా అని చూడండి. గుడ్లు అర మిల్లీమీటరు ఉంటాయి, వాటిని వెతికి లాభం లేదు.

మా ఇంట్లో పిండి, బియ్యం, పప్పులు అన్నీ చూశాం, శుభ్రంగానే ఉన్నాయి. చివరికి దొరికింది తినే సరుకుల్లో కాదు. పక్షులకు వేద్దామని ఎప్పుడో కొని, అలమారా నెత్తిన పెట్టి మర్చిపోయిన గింజల ప్యాకెట్‌లో. దాన్ని తలకిందులు చేస్తే గింజలు రాలలేదు. పూసలదండలా దారానికి వేలాడుతూ ఒకే ముద్దగా బయటికి జారాయి. ఆ ముద్దలో తెల్ల పురుగులు మెల్లగా కదులుతున్నాయి. మూడు వారాలు గోడ మీద కొట్టినవన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

కాబట్టి వంటకు వాడేవాటితో ఆగిపోకండి. కుక్కలు, పిల్లుల ఆహారం, పక్షి గింజలు, అలంకరణకు పెట్టిన ఎండుపూలు, ఎండుమిరపకాయలు, చాక్లెట్లు, ఎప్పుడూ తెరవని గిఫ్ట్ డ్రైఫ్రూట్ల పెట్టె, అన్నీ అనుమానితులే. సీలు తీయలేదు కదా అనే నమ్మకం కూడా పెట్టుకోకండి. కాస్త పెరిగిన తెల్ల పురుగు పల్చటి ప్లాస్టిక్ కవర్‌ను, కాగితాన్ని, పల్చటి అట్టపెట్టెను కొరుక్కుని లోపలికీ పోగలదు, బయటికీ రాగలదు.

గోడకు, సీలింగ్‌కు మధ్య మూలలో తెల్ల పురుగు పాకుతూ కనిపిస్తే పైకప్పు నుంచి వస్తున్నాయని టెన్షన్ పడతారు. అది వచ్చేది కాదు, పోయేది. పూర్తిగా పెరిగాక ఈ పురుగు తిండిని వదిలేసి, గూడు కట్టుకోవడానికి సందు వెతుక్కుంటూ దూరంగా, చాలాసార్లు పైకి పోతుంది. అలా కనిపించిందంటే కింద ఎక్కడో ఒక ప్యాకెట్ ఎప్పటి నుంచో పాడవుతోందని లెక్క.

పారేయాలా, ఫ్రీజర్‌లో పెట్టాలా, వేడి చేయాలా?

జాలు కనిపించిన ప్యాకెట్ విషయంలో నేను ఆలోచించను, కవర్‌లో ముడివేసి అదే రోజు ఇంటి బయటికి పంపేస్తాను. ఆ పురుగు తెలియక కడుపులోకి పోయినా మామూలుగా జబ్బేమీ చేయదు. కానీ జాలు, రెట్ట, విడిచిన చర్మాలు కలిసిన పిండిని జల్లెడ పట్టి వాడుకునేంత పొదుపు నాకు అక్కర్లేదు. కొందరికి వాటి వల్ల అలర్జీ కూడా రావచ్చు. ముడివేసిన కవర్‌ను వంటింటి చెత్తబుట్టలోనే వదిలేస్తే పని చెడుతుంది, ముడి సందులోంచి బయటపడి మళ్లీ అరల్లోకే వస్తాయి.

అసలు చిక్కు ఆ ప్యాకెట్ పక్కన ఉన్న, పైకి బాగానే కనిపించే సరుకుతో. పారేయడానికి మనసొప్పదు, ఉంచుకోవడానికి ధైర్యం చాలదు. ఇక్కడ నా ఓటు ఫ్రీజర్‌కే. మైనస్ 18 డిగ్రీల దగ్గర కనీసం నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. పెద్ద ప్యాకెట్ అయితే మధ్యభాగం చల్లబడటానికే చాలాసేపు పడుతుంది కాబట్టి, చిన్న ప్యాకెట్లుగా చేసి వారం పాటు ఉంచుతాను. రుచి మారదు, పిండి మారదు, కాపలా కాయక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: బయటికి తీశాక ప్యాకెట్ గది వేడికి వచ్చేదాకా విప్పకండి. చల్లటి పిండి మీద గాలిలోని తేమ చేరితే పురుగు పోయి బూజు వస్తుంది. ఫ్రీజర్‌కు బదులు ఫ్రిజ్ కింది అరలో పెడితే పురుగు పెరగడం ఆగుతుంది, అంతే. బయటికి తీయగానే మళ్లీ మొదలుపెడుతుంది.

వేడికి వస్తే, 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే అన్ని దశలూ చస్తాయి. ఓవెన్ ఉన్నవాళ్లకు ఇది ఫ్రీజర్ కంటే త్వరగా అయ్యే పని. కానీ సరుకును ట్రేలో పల్చగా పరవాలి, కుప్పగా పోస్తే మధ్యలోవి చల్లగా బతికిపోతాయి. నూనె ఉండే పప్పులు, గింజల వాసన మారుతుంది. విత్తనానికి దాచుకున్నవైతే మొలక పోతుంది. మైక్రోవేవ్‌ను నేను నమ్మను, అది ఒకచోట మాడ్చి ఇంకోచోట గోరువెచ్చగా వదిలేస్తుంది. ఎండబెట్టడం పాకే పురుగుల్ని తరిమేస్తుందే కానీ అన్నిటినీ చంపుతుందన్న భరోసా లేదు. అవి నీడలోకి జరుగుతాయి, గుడ్లు గింజల మధ్యే ఉండిపోతాయి.

ఫ్రీజర్ చిన్నదైతే అన్నీ ఒకేసారి పెట్టక్కర్లేదు. పిండి, రవ్వ, డ్రైఫ్రూట్లు ముందు. ఉప్పు, చక్కెర జోలికి వెళ్లకండి, వాటి మీద ఈ పురుగు పెరగదు.

అరల శుభ్రం: వ్యాక్యూమా, తడిగుడ్డా?

రెండూ చేయగలిగితే మంచిది, ఒకటే చేయగలిగితే వ్యాక్యూమ్. ఎందుకంటే మీరు తీయాల్సింది మరక కాదు, సందుల్లో దాక్కున్న గూళ్లను, ఒలికిన పిండిని. అర పలకలను ఆపే రంధ్రాలు, తలుపు బందులు, అరలో పరిచిన కాగితం కింద, అలమారాకు గోడకు మధ్య సందు, వీటిలో సన్నటి మూతి పెట్టి లాగండి. తర్వాత ఆ దుమ్ము సంచిని బయట ఖాళీ చేయండి, లేకపోతే వ్యాక్యూమే వాటికి కొత్త ఇల్లవుతుంది. తడిగుడ్డకు సబ్బునీళ్లు చాలు. వెనిగర్‌తో తుడిస్తే గుడ్లు చస్తాయని చెబుతుంటారు కానీ, గుడ్లు పోయేది గుడ్డ రాపిడికే. ఏది వాడినా అర పూర్తిగా ఆరాకే సరుకులు పెట్టండి.

డబ్బాలు

డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే ముందు ఇక్కడ పెట్టండి. ట్రాప్‌లోని వాసన కొన్ని నెలలకు అయిపోతుంది, మంచి డబ్బా ఏళ్లు ఉంటుంది.

గాజు, స్టీలు, గట్టి ప్లాస్టిక్, ఈ మూడింటినీ పురుగు కొరకలేదు. కాబట్టి పోలిక డబ్బాకు కాదు, మూతకు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పురుగు దారం ముక్కలా ఉంటుంది, మామూలు మర మూత సందులోంచి దూరిపోతుంది. మా ఇంట్లో గాజు సీసాలు బాగానే ఉన్నాయి కదా అనుకుని ఒకదాని మూత తిప్పి తీశాను. సీసా అంచు మీద, మరల మధ్య, తెల్లటి పట్టుగూడు అంటుకుని ఉంది. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. మూత బిగించినప్పుడు బయటికి ఏమీ కనిపించదు. రోజూ తీసి వాడుతున్న సీసా అది.

అందుకే రబ్బరు రింగుతో, క్లిప్ వేసి నొక్కే మూత ఉన్న డబ్బాకు మొదటి స్థానం. సిలికాన్ అంచుతో నాలుగు వైపులా లాక్ అయ్యే ప్లాస్టిక్ డబ్బా దాని తర్వాత. తేలికగా ఉంటుంది, పగలదు, కానీ అంచులోని సిలికాన్ పట్టీని అప్పుడప్పుడు బయటికి లాగి కడగాలి. వదులుగా కూర్చునే మూత ఉన్న స్టీలు డబ్బా ఎలుకను ఆపుతుంది, ఈ పురుగును ఆపదు. జిప్ సంచులు ఫ్రీజర్ వరకు సరే, అరలో నిల్వకు వద్దు.

పెద్ద డబ్బా ఒకటా, చిన్నవి నాలుగా అంటే చిన్నవే. ఒకదానికి పురుగు పట్టినా నష్టం అందులోనే ఆగుతుంది. ఒక తప్పు మాత్రం అందరం చేస్తాం: పాత పిండి అడుగున ఉండగానే దాని మీద కొత్తది పోయడం. గాలి చొరబడని డబ్బాలో పురుగు పట్టిన పిండి పోస్తే, డబ్బా పురుగునే కాపాడుతుంది. కొత్త సరుకును నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి, ఆ తర్వాత డబ్బాలో పోసే అలవాటు చేసుకున్నవాళ్లకు మిగతా వ్యాసం పెద్దగా అవసరం పడదు.

ఫెరమోన్ ట్రాప్: ఇది తూకం రాయి, కత్తి కాదు

జిగురు పూసిన అట్ట, దాని మధ్యలో ఆడపురుగు వాసన పెట్టిన చిన్న బిళ్ల, ఇదే ట్రాప్. ఆ వాసనకు మగపురుగులు వచ్చి అతుక్కుంటాయి. మగవి మాత్రమే. ఒక్కో మగపురుగు చాలా ఆడపురుగులతో జతకట్టగలదు కాబట్టి, పదిలో తొమ్మిది చిక్కినా మిగిలినది పని కానిచ్చేస్తుంది. ఇక ఆడపురుగు గుడ్లతో హాయిగా తిరుగుతూనే ఉంటుంది. ట్రాప్ నిండింది కాబట్టి పురుగు తగ్గింది అనుకోవడం పొరపాటు. నిండిందంటే ఇంకా మూలం దొరకలేదనే.

అయినా నేను కొంటాను, లెక్క కోసం. ఒకటి వంటింట్లో, ఒకటి సరుకుల గదిలో పెడితే ఏ వైపు ఎక్కువ పడుతున్నాయో తెలుస్తుంది, వెతకాల్సింది ఆ వైపే. శుభ్రం చేశాక వారం వారం పడేవి తగ్గుతున్నాయా లేదా అన్నది కూడా అదే చెబుతుంది. అట్ట మీద తేదీ రాసుకోండి, రెండు మూడు నెలల తర్వాత వాసన అయిపోతుంది, అప్పుడు ఖాళీ ట్రాప్‌కు అర్థం ఉండదు. తెరిచిన కిటికీ పక్కన, ఫ్యాను గాలి తగిలే చోట పెట్టకండి. గదికి ఒకటి చాలు.

మిత్ర కందిరీగలు

వినగానే చాలామంది వద్దంటారు. ఇంట్లో పురుగులున్నాయని ఇంకో పురుగుల్ని తెచ్చుకోవడమా? కానీ ట్రైకోగ్రామా అనే ఈ కందిరీగ అర మిల్లీమీటరు కూడా ఉండదు, మనుషుల్ని కుట్టదు, తిండిలో పెరగదు. అది రెక్కల పురుగు గుడ్లను వెతికి, వాటి లోపల తన గుడ్లు పెడుతుంది. అలా సందుల్లో ఉండి మనకు చిక్కని గుడ్లను కూడా అది చంపుతుంది. గుడ్లు అయిపోతే అవీ చచ్చిపోతాయి, దుమ్ములా తుడిచేయవచ్చు. ఐరోపాలో కొన్ని దేశాల్లో వీటిని అట్ట ముక్కల మీద ఇళ్లకు కూడా అమ్ముతారు. ఇంకో విచిత్రం: పొలాల్లో వాడే ట్రైకో కార్డుల కోసం ఈ కందిరీగలను చాలాచోట్ల బియ్యపు రెక్కల పురుగు గుడ్ల మీదే పెంచుతారు. అయితే పొలం కార్డు తెచ్చి వంటింట్లో పెడితే సరిపోదు, పంట రకాలు వేరు, నిల్వ సరుకుల రకాలు వేరు.

దీనికి ఓపిక కావాలి. సుమారు మూడు వారాలకోసారి కార్డు మారుస్తూ రెండు మూడు నెలలు కొనసాగించాలి. ఆ కాలంలో స్ప్రే కొట్టకూడదు. మూసి ఉన్న డబ్బాలోకి అవీ పోలేవు. పగుళ్లున్న పాత అలమారా, కదపలేని బిగింపు అరలు ఉన్న ఇంటికి ఇది మంచి ఎంపిక. శుభ్రం చేయగలిగిన వంటింటికి అవసరం లేదు.

స్ప్రేలు, పొడులు, ఆకులు

స్ప్రే గురించి క్లుప్తంగా: ఎగిరేదాన్ని చంపుతుంది, డబ్బాలో ఉన్నదాన్ని తాకదు, తిండి పెట్టే చోట మందు మిగులుస్తుంది. వంటింటి అరల్లో నేను వాడను.

డయాటమ్ పొడి (సూక్ష్మమైన నీటి నాచు శిలాజాల నుంచి తీసే మెత్తటి పొడి) కొంచెం మెరుగు. పాకే పురుగు ఒంటి మీది మైనపు పొరను పాడుచేసి, ఒంట్లో తేమ పోయేలా చేసి చంపుతుంది. ఆహార పదార్థాల దగ్గర వాడదగ్గ రకమే తీసుకుని, అలమారా వెనక సందుల్లో పొడిగా, పల్చగా చల్లాలి. తడి తగిలితే పనిచేయదు. చల్లేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బిర్యానీ ఆకు, లవంగాలు, ఘాటు నూనెలు డబ్బాలో వేస్తే పురుగు రాదంటారు. ఘాటైన నూనెలు దగ్గరగా, గాఢంగా ఉన్నప్పుడు పురుగుల మీద పనిచేస్తాయి. కానీ డబ్బాలో వేసిన రెండు ఆకుల వాసనకు, పిండి మధ్యలో తింటున్న పురుగు లేచి వెళ్లిపోదు. వేయాలనిపిస్తే వేసుకోండి, దాన్ని నమ్ముకుని వెతకడం మానకండి.

మీకు ఏది సరిపోతుంది?

ఒక్క ప్యాకెట్‌లోనే జాలు కనిపించి, ఎగిరేవి ఇంకా పెద్దగా లేకపోతే: ఆ ప్యాకెట్ బయటికి, దాని అరలోని మిగతావి ఫ్రీజర్‌లోకి, అర శుభ్రం. ఏమీ కొనక్కర్లేదు.

నెలరోజులుగా ఎగురుతున్నాయి, గోడల మీద తెల్ల పురుగులు కూడా కనిపిస్తున్నాయంటే సగం పనులు చేసి ఆగడం దండగ. ఒక సెలవు రోజు మొత్తం దీనికి కేటాయించి అన్ని అరలూ ఖాళీ చేయండి, బిగుతు మూతల డబ్బాలు కొనండి, ఒక ట్రాప్ పెట్టండి. ఫ్రీజర్ లేనివాళ్లు జాలు లేకపోయినా తెరిచి ఉన్న పిండి ప్యాకెట్లను వదులుకోవడమే మేలు.

అన్నీ చేశాక కూడా రెండు మూడు వారాలు ఒకటీ అరా ఎగురుతాయి. అప్పటికే సందుల్లో గూడు కట్టుకున్నవి బయటికి వస్తున్నాయన్నమాట, కంగారుపడి మళ్లీ మొదలుపెట్టకండి. వెచ్చటి వంటింట్లో గుడ్డు నుంచి రెక్కల దాకా నెల, నెలన్నర పడుతుంది. చల్లటి కాలంలో అదే నెలల తరబడి సాగుతుంది. అందుకని ట్రాప్ ఖాళీగా ఉన్నా రెండు నెలలు తీయకండి, చలికాలంలో శుభ్రం చేసినవాళ్లు ఎండలు వచ్చేదాకా ఉంచండి.

మా ట్రాప్‌లో ఐదు వారాలు ఏమీ పడలేదు. ఆరో వారం ఒకటి అతుక్కుంది. అన్ని డబ్బాలూ మళ్లీ తీసి చూస్తే సరుకు శుభ్రంగానే ఉంది. టీ పొడి డబ్బా మూత లోపల, అట్ట బిళ్ల కింద, ఒక ఖాళీ గూడు దొరికింది.